సంచికి ట్యాగ్ కట్టే ముందు: ఆర్‌ఎఫ్‌ఐడీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వస్తువుకు తగిలించిన చిన్న ట్యాగ్‌ను రీడర్ అనే యంత్రం రేడియో తరంగాలతో దూరం నుంచే చదివి గుర్తించే పద్ధతి ఆర్‌ఎఫ్‌ఐడీ. గోదాములు, కర్మాగారాలు, సరుకు రవాణాలో దాని వాడకం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాను. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన వారి ఉత్తరాలను కలిపి ఒక్కటిగా తీసుకున్నాను.

ప్రశ్న: మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. సీజన్‌లో లక్ష టిక్కీల (మిర్చి సంచుల) దాకా వస్తాయి. ఇప్పుడు సంచి మీద రంగుతో లాట్ నంబరు రాసి, పుస్తకంలో ఎక్కిస్తున్నాం. ప్రతి సంచికీ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ కడితే లారీ గేటు దాటే క్షణంలోనే సంచులన్నీ లెక్కకు వస్తాయని ఒక కంపెనీ ప్రతినిధి చెబుతున్నారు. ఈ పద్ధతికి మారమంటారా?
– ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని, గుంటూరు జిల్లా

జవాబు: మారవచ్చు, కానీ ఆయన చెప్పిన పద్ధతిలో కాదు. లారీలో సంచులను ఒకదానిమీద ఒకటి బిగించి పేరుస్తారు. గేటు దగ్గరి యాంటెన్నా నుంచి వచ్చే రేడియో తరంగం బయటి వరుసలను సులువుగానే చేరుతుంది. నడిమధ్య ఉన్న సంచిని చేరేలోపు మాత్రం దారిలోని కాయల తేమ దాన్ని కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది, లారీ ఇనుప బాడీ మిగిలినదాన్ని చెదరగొడుతుంది. బయటి వరుసలు పలుకుతాయి, లోపలివి మౌనంగా ఉండిపోతాయి.

దీన్ని అంకెల్లో చూడండి. ఒక్కో సంచి రీడర్‌కు దొరికే అవకాశం వందకు 99 అనుకుందాం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ 200 సంచుల లారీలో ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ నమోదయ్యే అవకాశం వందకు సుమారు 13 మాత్రమే. అంటే ప్రతి ఎనిమిది లారీల్లో దాదాపు ఏడింటికి లెక్క తక్కువ వస్తుంది. వెయ్యికి 999 దొరికినా, వంద లారీల్లో 18 లారీల లెక్క తేడాగానే ఉంటుంది. అమ్మేవారు సంచి లెక్కన శాతం చెబుతారు, మీకు మాత్రం రైతు ముందు లారీ లెక్కన జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఈ రెండు శాతాల మధ్య ఉన్న దూరం తెలియకపోవడం వల్లనే చాలాచోట్ల ఏడాది తిరగకముందే రీడర్ల మీద దుమ్ము పేరుకుంటోంది.

కనుక లారీని చదవాలన్న ఆలోచన వదిలి, సంచులు ఒక్కొక్కటిగా కదిలే చోటును పట్టుకోండి. మీ స్టోరేజీలో అటువంటి చోటు ఛాంబరు ద్వారం. ముఠా మనుషులు, అంటే సంచులు మోసే హమాలీలు, ఒక్కొక్కరూ ఒక్కో టిక్కీని మోసుకుని ఆ ద్వారం గుండానే వెళతారు. అక్కడ ఇరువైపులా యాంటెన్నాలు పెడితే ఒకసారి ఒక్క సంచే ఎదురవుతుంది. ఇక్కడ ఒక చిన్న విషయం మొత్తం ఫలితాన్నే మార్చేస్తుంది. సంచిని వీపు మీద మోసేటప్పుడు దాని ఒక ముఖం మనిషి ఒంటికి అతుక్కుని ఉంటుంది. మనిషి శరీరంలో అధికభాగం నీరే కాబట్టి, ట్యాగ్ ఆ వైపున ఉంటే రీడర్‌కు కనిపించదు. సంచి పొట్ట మీద అతికించిన ట్యాగ్ సగం సార్లు వీపు కిందికే వెళుతుంది. అందుచేత ట్యాగ్‌ను మూతి కుట్టులో ఒక అంచు కలిపి కుట్టి, మిగతా భాగం చెవిలా బయటికి వేలాడేట్టు చూడండి. సంచిని ఎటు తిప్పి ఎత్తుకున్నా ఆ చెవి గాలిలోనే ఉంటుంది.

చలి గురించి కూడా కొందరు అడిగారు. నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం ట్యాగ్‌కు ఏ హానీ చేయదు. ఇబ్బంది బయటికి తెచ్చినప్పుడు మొదలవుతుంది. చల్లని సంచిని వేసవి గాలిలోకి తెస్తే అది చెమరుస్తుంది, కాగితపు ట్యాగ్ మీద సన్నని నీటిపొర కడుతుంది, చదివే దూరం ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి సరుకు బయటికి పోయేటప్పుడు లెక్కను ఛాంబరు ద్వారం దగ్గరే ముగించండి, లారీకి ఎక్కించే డాక్ దాకా వాయిదా వేయకండి. ట్యాగ్‌కు ప్లాస్టిక్ పూత ఉన్న రకాన్నే తీసుకోండి.

ఇక ఖర్చు. మామూలు కాగితపు ట్యాగ్ పెద్ద మొత్తంలో కొంటే ఐదు నుంచి పది రూపాయలకు వస్తుంది. ఎనిమిది రూపాయలనుకుంటే లక్ష సంచులకు ఏటా 8 లక్షలు, ఒకసారి వాడి పారేసే దానికి. రీడర్లు, యాంటెన్నాలు, సాఫ్ట్‌వేర్ దీనికి అదనం. సంచుల తారుమారు వల్ల, బాండు (రైతుకు ఇచ్చే నిల్వ పత్రం) మీద వివాదాల వల్ల, ఛాంబర్లలో లాట్ కోసం వెతుకులాటలో పోయే కూలి వల్ల మీకు ఏటా ఎంత నష్టం వస్తోందో ముందుగా రాసుకోండి. అది 8 లక్షలకు చాలా తక్కువైతే లాట్‌కు ఒక్క మన్నికైన ట్యాగ్ పెట్టి, దాన్ని మళ్లీ మళ్లీ వాడుకోండి. సంచులకు అచ్చు వేసిన బార్‌కోడ్ చీటీ చాలు. ఏది కొన్నా, మీ సంచులతో, మీ ముఠాతో, మీ ద్వారం దగ్గర కనీసం పది రోజులు పరీక్షించి, చేతి లెక్కతో ప్రతిరోజూ సరిపోల్చిన తరువాతే డబ్బు చెల్లించండి. ప్రదర్శన గదిలో ఖాళీ అట్టపెట్టెల మీద చూపించే వేగాన్ని మీ సరుకుకు అన్వయించుకోకండి.

ప్రశ్న: ట్యాగ్‌లో బ్యాటరీ లేదంటారు. మరి అది రీడర్‌కు జవాబు ఎలా చెబుతుంది? వందల ట్యాగ్‌లు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం కాదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: చిన్నప్పుడు ఎండలో నిలబడి చేతి అద్దంతో వెలుగును ఎదుటి ఇంటి గోడ మీదికి కొట్టే ఉంటారు. అద్దానికి సొంత వెలుగు లేదు. దాన్ని కొంచెం తిప్పితే గోడ మీది మచ్చ మాయమవుతుంది, మళ్లీ తిప్పితే కనిపిస్తుంది. ట్యాగ్ చేసేదీ అదే. రీడర్ పంపిన తరంగంలోంచే కొంత శక్తిని తీసుకుని చిప్‌ను మేల్కొలుపుతుంది. సుమారు పది మైక్రోవాట్లు, అంటే వాట్‌లో లక్షో వంతు శక్తి అందితే నేటి చిప్‌లకు సరిపోతుంది. ఆపైన చిప్ తన యాంటెన్నా గుణాన్ని క్షణక్షణానికీ మారుస్తూ, వచ్చిన తరంగాన్ని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి తిప్పి కొడుతుంది. ఆ హెచ్చుతగ్గులే ఒకట్లు, సున్నాలు. ఇలా తిరుగు తరంగంతో సమాచారం పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించారు. అయితే చౌకగా చిప్‌లు తయారయ్యే రోజులు వచ్చేదాకా ఆ ఆలోచన వేచి ఉండవలసి వచ్చింది.

కలగాపులగం కాకుండా ఉండేందుకు రీడర్ ముందుగా ఒక సంఖ్య ప్రకటిస్తుంది. ప్రతి ట్యాగ్ ఆ పరిధిలో తనకు తోచిన ఒక వంతును ఎంచుకుని, ఆ వంతు వచ్చేదాకా మౌనంగా ఉంటుంది. రెండు ట్యాగ్‌లకు ఒకే వంతు పడితే రీడర్ వాటిని మరో విడతలో పిలుస్తుంది. ఢీకొనడాలు ఎక్కువైతే వంతులు పెంచుతుంది, ఖాళీలు ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ పద్ధతిలో సెకనుకు వందల ట్యాగ్‌లు చదవడం సాధ్యమవుతుంది. మీ ప్రాజెక్టుకు ఒక సూచన: ట్యాగ్‌లోని మెమరీ నాలుగు అరలుగా ఉంటుంది. పాస్‌వర్డ్‌లది ఒకటి, వస్తువు నంబరు ఉండే ఈపీసీ ఒకటి, తయారీలోనే చెక్కి ఇచ్చే టీఐడీ ఒకటి, వాడుకరికి వదిలినది ఒకటి. ఈపీసీని ఎవరైనా మరో ట్యాగ్‌లోకి నకలు చేయవచ్చు, టీఐడీని మార్చడం సాధ్యం కాదు. నకిలీల బెడద ఉన్నచోట రెండింటినీ జతగా నమోదు చేసుకోవాలి.

ప్రశ్న: మా యూనిట్‌లో మెషినింగ్ అయిన భాగాలను ఇనుప బిన్నుల్లో పెట్టి వాహన కంపెనీలకు పంపుతాం. ఖాళీ బిన్నులు తిరిగి రావడంలో ఏటా పెద్ద సంఖ్యలో తేడా వస్తోంది. బిన్నులకు ట్యాగ్‌లు అతికించి చూశాం, ఒక్కటి కూడా చదవలేదు. లోపం ట్యాగ్‌లదా, రీడర్‌దా?
– చిన్నతరహా పరిశ్రమ భాగస్వామి, బాలానగర్, హైదరాబాద్

జవాబు: రెండింటిదీ కాదు. మామూలు ట్యాగ్‌ను ఇనుము మీద అతికిస్తే, ఇనుము దాని యాంటెన్నా శ్రుతిని తప్పించేస్తుంది. చిప్‌కు అందవలసిన శక్తి అందదు. ఇనుము మీద వాడేందుకు ప్రత్యేకంగా తయారైన ట్యాగ్‌లు ఉన్నాయి. వాటిలో యాంటెన్నాకూ ఇనుముకూ మధ్య సిరామిక్, ప్లాస్టిక్ లేదా ఫోమ్ పొర ఉంటుంది. కొన్ని రకాలైతే కింది ఇనుప పలకనే తమ యాంటెన్నాలో భాగంగా వాడుకుంటాయి. ఒక్కొక్కటి కొన్ని పదుల నుంచి వందల రూపాయల దాకా ఉంటుంది. బిన్ను ఏళ్ల తరబడి తిరుగుతుంది కాబట్టి ఆ ఖర్చు మీకు భారం కాదు. నా దృష్టిలో చిన్న పరిశ్రమకు ఆర్‌ఎఫ్‌ఐడీ అన్నింటికంటే బాగా ఉపయోగపడేది ఇటువంటి తిరిగివచ్చే బిన్నులు, ప్యాలెట్లు (సరుకు పేర్చే పలకలు), ట్రాలీల దగ్గరే. ట్యాగ్‌ను జిగురుతో వదిలేయకండి, రివెట్ కొట్టించండి. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు తగలని మూలలో, అంచు కంటే కొంచెం లోపలికి ఉండే చోట బిగించండి. బిన్నులను ఒకదానిలో ఒకటి దూర్చి పేరుస్తారనుకుంటే, పేర్చినప్పుడు కూడా బయటికి కనిపించే ముఖాన్నే ఎంచుకోండి.

చదవకపోవడం ఒక సమస్య అయితే, అక్కర్లేనిది చదవడం అంతకంటే పెద్ద సమస్య. కొన్నేళ్ల కిందట ఒక కర్మాగారం డిస్పాచ్ గేటుకు నేను రీడర్లు పెట్టించాను. మొదటి రోజు ఒక్క ట్యాగ్ కూడా తప్పలేదు, అందరం సంతోషించాం. మూడో రోజు కంప్యూటర్ లెక్క ప్రకారం అక్కడ ఉన్నదానికంటే ఎక్కువ సరుకు బయటికి వెళ్లిపోయింది. వెళ్లి చూస్తే, గేటుకు నాలుగడుగుల దూరంలో మర్నాటి లోడు కోసం ప్యాలెట్లు సిద్ధంగా పెట్టి ఉన్నాయి. లారీ ఇనుప తలుపు తెరిచినప్పుడల్లా తరంగం దానికి తగిలి వాటి మీదికి మళ్లుతోంది. తలుపు మూసి ఉన్నప్పుడు జాడ లేని ట్యాగ్‌లు తలుపు తెరిచి ఉన్న ఆ అరనిమిషంలో రీడర్‌కు దొరికిపోతున్నాయి. ఆ తప్పు నాది. గేటును ఖాళీగా ఉన్నప్పుడు కొలిచాను, లారీ నిలబడి తలుపులు తెరిచి ఉన్నప్పుడు కొలవలేదు. రీడర్ శక్తిని తగ్గించాం, యాంటెన్నాలను లోపలి వైపు కాక కొంచెం కిందికి వంచాం, గేటు ముందు పసుపు గీత గీసి ఆ లోపల ప్యాలెట్ నిలపకూడదని నియమం పెట్టాం. ప్యాలెట్ లోపలి నుంచి బయటికి కదిలిందని రెండు కాంతి సెన్సర్లు వరుసగా చెబితేనే లెక్కలోకి తీసుకునేట్టు సాఫ్ట్‌వేర్ మార్చాం. వీటన్నింటిలో ఎక్కువ మేలు చేసింది పసుపు గీతే.

మీ గేటు దగ్గర మరొక చిక్కు తప్పకుండా వస్తుంది. లారీల అద్దం మీది ఫాస్టాగ్ కూడా ఇదే జాతి ట్యాగ్, ఇదే ప్రమాణంతో పనిచేస్తుంది. మీ రీడర్ దాన్నీ చదువుతుంది. అందువల్ల మీ బిన్నుల నంబర్లన్నీ ఒకే ఉపసర్గతో మొదలయ్యేట్టు రాయించి, ఆ ఉపసర్గ లేనిదాన్ని వదిలేయమని రీడర్‌కు చెప్పాలి. తిరిగివచ్చే బిన్నులకు, బార్‌కోడ్ నంబర్ల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ జీఎస్‌1 ప్రత్యేకంగా ఒక సంఖ్యా విధానాన్ని ఏర్పరిచింది. మీ కొనుగోలుదారులు పెద్ద వాహన కంపెనీలు కాబట్టి, సొంత నంబర్లు కాక ఆ విధానమే ఎంచుకుంటే రేపు వారి రీడర్లు కూడా మీ బిన్నులను గుర్తిస్తాయి.

ప్రశ్న: నేను స్టోర్స్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. ఇరవై ఏళ్ల కిందటే బార్‌కోడ్ కాలం తీరిందని, అంతా ఆర్‌ఎఫ్‌ఐడీ అవుతుందని శిక్షణ తరగతుల్లో చెప్పారు. ఈనాటికీ సబ్బు బిళ్ల మీద బార్‌కోడే ఉంది. ఆ జోస్యం ఎందుకు తప్పింది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీకు చెప్పిన కాలానికి ఆ మాట అబద్ధం కాదు, తొందరపాటు. 1999లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆటో-ఐడీ సెంటర్ అనే పరిశోధన కేంద్రం మొదలైంది. కెవిన్ ఆష్టన్, డేవిడ్ బ్రాక్‌లతో పాటు భారతదేశం నుంచి వెళ్లిన సంజయ్ శర్మ దానికి పునాది వేశారు. వారి కీలకమైన ఆలోచన ఇది: ట్యాగ్‌లో సమాచారమంతా నింపకుండా ఒక్క నంబరే ఉంచి, మిగతాదంతా కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పెడితే చిప్ చిన్నదై చౌకవుతుంది. ఈ ఆలోచనను నమ్మి అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 2003లో ఒక ప్రకటన చేసింది. 2005 జనవరి నాటికి తమ వంద పెద్ద సరఫరాదారులు పెట్టెలకు, ప్యాలెట్లకు ట్యాగ్‌లు తగిలించాలని కోరింది. మీ శిక్షణ తరగతులు ఆ ఉత్సాహంలోనివే.

ఆ పెట్టెల్లో ఉన్నవి షాంపూలు, పానీయాలు, రేకు డబ్బాలు. నీరు, ఇనుము రెండూ ఈ తరంగాలకు గిట్టనివే. పైగా ట్యాగ్ ఖర్చు సరఫరాదారుది, లాభం దుకాణానిది. భరించేవారు ఒకరు, అనుభవించేవారు మరొకరు అయిన పని ఎంతకాలం సాగుతుంది? అదే పద్ధతి బట్టల దుకాణాల్లో మాత్రం వేళ్లూనుకుంది. బట్ట పొడిగా ఉంటుంది, తరంగాన్ని అడ్డుకోదు. ఒకే చొక్కాలో రంగులు, సైజులు కలిపి పదుల రకాలు ఉంటాయి, ఏది అయిపోయిందో కంటితో చూసి చెప్పడం కష్టం. జారా బట్టల దుకాణాల మాతృసంస్థ, క్రీడా వస్తువుల సంస్థ డెకాథ్లాన్ తమ వస్తువులకు దుకాణం చేరకముందే ట్యాగ్‌లు వేయించుకుంటున్నాయి, కాబట్టి ఖర్చూ లాభమూ ఒక ఇంట్లోనే ఉన్నాయి.

సబ్బు బిళ్ల విషయానికొస్తే, బార్‌కోడ్‌కు అయ్యేది కాస్త సిరా మాత్రమే. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి చదివిన ఆ గీతల పద్ధతిని ఐదు రూపాయల ట్యాగ్ పది రూపాయల సబ్బు మీద ఓడించలేదు. సరుకు కంటికి ఎదురుగా ఒక్కొక్కటిగా వస్తే బార్‌కోడ్, కంటికి కనబడకుండా గుంపుగా కదిలితే ఆర్‌ఎఫ్‌ఐడీ అని నేను చూస్తాను. మన దేశంలో మొదటి రకం పనులు చాలా ఎక్కువ.

ప్రశ్న: మేము రొయ్యలు ఎగుమతి చేస్తాం. కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీల్ వేస్తున్నాం. సీల్ వేసిన కంటైనర్ ఎక్కడుందో ఫోన్‌లో కనిపించాలి కదా? లోపలి అట్టపెట్టెలకు కూడా ట్యాగ్‌లు పెడితే ఉపయోగమా?
– ఎగుమతి విభాగం ఉద్యోగి, భీమవరం

జవాబు: కనిపించదు. సీల్‌లో ఉన్నది జీపీఎస్ కాదు. రీడర్ ఎదురైనప్పుడు తన నంబరు చెప్పడం తప్ప తానెక్కడున్నదీ దానికి తెలియదు. కస్టమ్స్ శాఖ 2017లో ఎగుమతిదారులే తమ ఆవరణలో సీల్ వేసుకునే విధానం తెచ్చినప్పుడు, కంటైనర్ తలుపుకు బిగించే ఈ బోల్ట్ సీల్‌లో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ తప్పనిసరి చేసింది. మీరు కంప్యూటర్‌లో ఎక్కించే ఎగుమతిదారు కోడ్, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, సీల్ నంబరు, సీల్ వేసిన తేదీ, సమయం, చేరవలసిన కస్టమ్స్ స్టేషన్, కంటైనర్ నంబరు, ట్రెయిలర్ నంబరు – ఇవన్నీ పోర్టులో రీడర్ చదివిన సీల్ నంబరుతో సరిపోవాలి. ఆలస్యాలకు సీల్ కారణమనుకుంటారు గానీ, చివరి నిమిషంలో ట్రెయిలర్ మారి పాత నంబరే ఉండిపోవడం వంటి రాత తప్పులను ముందు చూసుకోండి. సీల్ బిగించిన వ్యక్తే, బిగించిన చోటే నిలబడి వివరాలు ఎక్కించే అలవాటు చేయండి.

కంటైనర్ కదలిక కోసం మీరు చూడవలసింది లాజిస్టిక్స్ డేటా బ్యాంక్. 2016లో ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మొదలైన ఈ ఏర్పాటు తరువాత విశాఖపట్నం, కృష్ణపట్నం వంటి రేవులకూ విస్తరించింది. పోర్టులో కంటైనర్‌కు వేరే ట్యాగ్ తగిలిస్తారు. పోర్టు గేట్లలో, కంటైనర్ డిపోల్లో, కొన్ని టోల్ ప్లాజాల్లో ఉన్న రీడర్లు దాన్ని చదువుతాయి. కంటైనర్ నంబరుతో వెతికితే అది చివరిగా ఏ రీడర్ ముందునుంచి వెళ్లిందో తెలుస్తుంది. రెండు రీడర్ల నడుమ రోడ్డు మీద ఏం జరిగిందో మాత్రం తెలియదు.

అట్టపెట్టెల ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. నీరు ఈ తరంగాలను మింగేస్తుంది, మంచు మాత్రం చాలావరకు వెళ్లనిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టిన రొయ్యల పెట్టె, పచ్చి రొయ్యల ట్రే కంటే ఎంతో మెరుగ్గా చదవవస్తుంది. పూర్తిగా గడ్డకట్టని ఉప్పునీరు కొంత లోపల మిగిలి ఉంటుంది కాబట్టి పొడి సరుకంత సులువు కాదు. కష్టం లోడింగ్ డాక్ దగ్గర వస్తుంది. మీ ప్రాంతపు ఉక్కగాలి తగిలిన పెట్టె రెండు మూడు నిమిషాల్లోనే తడిబారుతుంది, మొదటి జవాబులో చెప్పిన చెమట ఇక్కడ మరీ ఎక్కువ. కోల్డ్ స్టోర్ లోపలే, తలుపు దాటకముందే చదివించండి. లోపలి ప్యాకింగ్‌లో అల్యూమినియం రేకు ఉంటే ట్యాగ్‌ను పెట్టె బయటి మూలకు, రేకుకు దూరంగా పెట్టండి. చెరువు నుంచి ప్లాంటు దాకా ఏ లాట్ ఏదో చూపమని విదేశీ కొనుగోలుదారులు అడుగుతున్న పరిస్థితుల్లో, పెట్టెకు కాకపోయినా ప్యాలెట్‌కు ట్యాగ్ పెట్టడం మంచి ఆరంభం అవుతుంది.

ప్రశ్న: కార్ల కర్మాగారం పెయింట్ షాపులో పనిచేస్తున్నాను. బాడీలు వేడి ఓవెన్‌లోంచి వెళతాయి. అంత వేడిలో ట్యాగ్ ఎలా బతుకుతుంది?
– టెక్నీషియన్, శ్రీసత్యసాయి జిల్లా

జవాబు: ట్యాగ్ కారు బాడీకి కాక, బాడీని మోసే స్కిడ్‌కు బిగించి ఉంటుంది. మీరు దగ్గరగా చూస్తే అరచేతి మందాన ఉన్న బిళ్ల కనిపిస్తుంది. లోపలి చిప్ గోరు మీద పట్టేంత కూడా ఉండదు, మిగతా మందమంతా వేడిని ఆపే కవచమే. ఓవెన్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల దాకా ఉన్నా, బాడీ లోపల ఉండే అరగంట పైచిలుకు సమయంలో ఆ కవచం చిప్‌ను కాపాడగలగాలి. ఒకే స్కిడ్ వేల సార్లు ఓవెన్‌కు వెళ్లి వస్తుంది కాబట్టి, వేడి ఒక్కసారి తట్టుకుంటే చాలదు. ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు, ఎన్ని విడతలు అన్నది ట్యాగ్ వివరాల పత్రంలో చూడాలి. వేడి చల్లారకముందే కొత్త సమాచారం రాయడం మంచిది కాదు.

ట్యాగ్‌లో ఒక్క నంబరే ఉంచాలన్న ఆటో-ఐడీ సెంటర్ ఆలోచనకు పెయింట్ షాపుల్లో విరుద్ధమైన పద్ధతి కూడా కనిపిస్తుంది. ఇక్కడ చాలాచోట్ల ట్యాగ్‌లో నంబరుతో పాటు మోడల్, రంగు కోడ్, అయిపోయిన దశలు కూడా రాస్తారు. నెట్‌వర్క్ ఆగిపోయినా రోబో స్కిడ్‌ను చదివి సరైన రంగే వేయాలన్నది కారణం. తప్పు రంగు పడిన బాడీని మళ్లీ గీకి రంగు వేయడానికి అయ్యే ఖర్చు తెలిసినవారికి ఈ జాగ్రత్త అతిగా తోచదు.

ప్రశ్న: బల్క్ డ్రగ్ యూనిట్‌లో సాల్వెంట్ డ్రమ్ములకు ట్యాగ్‌లు పెట్టాలనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో విదేశీ రీడర్ చాలా చౌకగా దొరుకుతోంది. కొనవచ్చా?
– స్టోర్స్ ఇన్‌ఛార్జ్, జీడిమెట్ల

జవాబు: రెండు కారణాల వల్ల ఆగండి. మొదటిది ప్రాణాలకు సంబంధించింది. సులువుగా అంటుకునే సాల్వెంట్ ఆవిరి ఉండే చోట మామూలు విద్యుత్ పరికరం ఏదీ పెట్టకూడదు. చేతిలో పట్టుకునే రీడర్ కూడా అందులోకే వస్తుంది. ఆ ప్రమాద ప్రాంతానికి తగిన ధ్రువీకరణ, కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ఆమోదం ఉన్న పరికరమైతేనే లోపలికి తీసుకెళ్లాలి. అంత ఖర్చు వద్దనుకుంటే డ్రమ్ములను ప్రమాద ప్రాంతం వెలుపల, వేబ్రిడ్జి దగ్గరో, స్టోర్ బయటి గేటు దగ్గరో చదివించండి. లోపల రీడర్ అవసరమే రాదు.

రెండోది చట్టం. మన దేశంలో ఈ రకం ఆర్‌ఎఫ్‌ఐడీకి లైసెన్సు అక్కర్లేకుండా కేటాయించినది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ పట్టీ. 2021 వరకు అది 867 దాకానే ఉండేది. అమెరికాకు తయారైన రీడర్లు 902 నుంచి 928 మధ్య పనిచేస్తాయి. మన దగ్గర అందులో కొంత భాగం మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే పట్టీ. అటువంటి రీడర్ పెడితే చుట్టుపక్కల ఫోన్లకు అంతరాయం కలుగుతుంది, బాధ్యత మీదవుతుంది. అమ్మేవారి దగ్గర ఆ మోడల్‌కు కేంద్ర వైర్‌లెస్ ప్రణాళిక విభాగం ఇచ్చే పరికర ఆమోద పత్రం ఉందేమో అడగండి. చూపలేకపోతే ధర ఎంత తక్కువైనా వదులుకోండి.

ప్రశ్న: మా గోదాములో అందరి ఐడీ కార్డులూ మార్చారు. కొత్త కార్డు మెడలో ఉంటే చాలు, గేటు దానంతటదే తెరుచుకుంటోంది. మేము ఎక్కడ ఎంతసేపు ఉన్నామో యాజమాన్యానికి తెలిసిపోతుందా? రేడియో తరంగాల వల్ల ఆరోగ్యానికి హాని ఉందా?
– గోదాము కార్మికుడు, శంషాబాద్

జవాబు: పాత కార్డును యంత్రానికి ఆనించవలసి వచ్చేది, ఎందుకంటే అది కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పనిచేసే రకం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి కొత్తది సరుకుకు వాడే రకమే, కొన్ని మీటర్ల దూరం నుంచి చదవవస్తుంది. గేటు దగ్గర మాత్రమే రీడర్లు ఉంటే వచ్చిన సమయం, వెళ్లిన సమయం తప్ప మరేమీ తెలియదు. భోజనశాల దగ్గర, మరుగుదొడ్ల దారిలో, వరుసల మధ్య కూడా యాంటెన్నాలు పెడితే అప్పుడు మీ కదలికల చిత్రం తయారవుతుంది. పలకలా చదరంగా, తెల్లగా, వెనుక కేబుల్‌తో గోడకో స్తంభానికో బిగించినవి సాధారణంగా యాంటెన్నాలే. ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే నడిచి చూడవచ్చు.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం సమాచారం వాడుకునే వెసులుబాటు యాజమాన్యాలకు ఇచ్చింది. అయినా ఏ రీడర్ ఎందుకు పెట్టారు, ఆ నమోదులు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అని రాతపూర్వకంగా అడగడానికి ఆ వెసులుబాటు అడ్డు కాదు. ఒక్కరుగా కాక అందరూ కలిసి అడగండి. సరుకును లెక్కపెట్టే పరికరంతో మనిషి మరుగుదొడ్డికి వెళ్లిన నిమిషాలు లెక్కపెట్టడాన్ని నేను తప్పుగానే భావిస్తాను, ఈ రంగంలో పనిచేసేవాడిగా ఆ మాట చెప్పవలసిన బాధ్యత నాకుంది.

ఆరోగ్యం గురించి: కార్డు తనంతట తాను ఏ తరంగమూ పంపదు. మెడలో రోజంతా వేసుకున్నా భయం లేదు. రీడర్ యాంటెన్నా నుంచి వెలువడే శక్తికి మన నిబంధనలు పరిమితి పెట్టాయి, ఎక్స్‌రేల వంటి స్వభావం దానికి లేదు. గేటు దాటుతూ ఒకటి రెండు క్షణాలు దాని ముందు ఉండటం వల్ల నష్టం లేదు. అయితే రోజుకు ఎనిమిది గంటలు యాంటెన్నాకు మూరెడు దూరంలో కూర్చునే సెక్యూరిటీ ఉద్యోగి కుర్చీని నాలుగైదు అడుగులు పక్కకు జరిపించండి. మీలో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ అమర్చి ఉంటే, వారు యాంటెన్నాకు ఆనుకుని నిలబడకుండా, తమ వైద్యుడిని అడిగి, ఆ సలహా ప్రకారం వేరే గేటు నుంచి వెళ్లే ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని కోరాలి.